పాత బండి దగ్గరికి మళ్లీ తినడానికి వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

ఏళ్ల తర్వాత ఆ మార్కెట్ వైపు ఏదో పని పడుతుంది. వెళ్లే పని ఏంటో మర్చిపోతాం గానీ, అక్కడ మూల మీద ఉండే తిండి బండి గుర్తొచ్చి నోట్లో నీళ్లూరడం మాత్రం ఆగదు. నాకూ అదే అయింది. ఒకప్పుడు వారానికి మూడు నాలుగుసార్లు తిన్న చోటు, మధ్యలో ఏడెనిమిదేళ్లు అటు పోనేలేదు. వెళ్లిన రోజు ఇంట్లో కడుపునిండా భోంచేసి బయల్దేరాను, తోడుగా ముగ్గురు స్నేహితుల్ని తీసుకెళ్లి దారంతా ఆ బండిని ఆకాశానికెత్తేశాను, పైగా చేరింది మిట్టమధ్యాహ్నం, గిరాకీ చచ్చిన టైమ్‌లో. రెండు ముక్కలు తిని "అబ్బే, ఇదివరకటిలా లేదు" అని తేల్చేశా. వాళ్లు ముగ్గురూ మర్యాదకి ఏమీ అనలేదు, కానీ నాకే తల కొట్టేసినట్టయింది. నెల తర్వాత ఒక్కడినే, ఆకలితో, పాత రోజుల్లో వెళ్లే సాయంత్రం టైమ్‌కే మళ్లీ వెళ్లాను. అదే మనిషి, అదే పెనం, రుచి కూడా దాదాపు అదే. మొదటిసారి వంకర వంటలో లేదు, నేను వెళ్లిన తీరులో ఉంది.

కాబట్టి పాత చోట మళ్లీ తినేటప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మారింది బండా, మనమా? మన వైపు నుంచి జరిగే పొరపాట్లన్నీ ముందు తీసేస్తే తప్ప ఇది తేలదు.

వెళ్లే ముందు

ఆ తిండి గురించి నిజంగా ఏం గుర్తుందో ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. "సూపర్‌గా ఉండేది" అని రాస్తే పనికిరాదు. కారం ముందే తగిలేదా, మింగాక తగిలేదా? పులుపు ఎంత? చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఇచ్చేవాళ్లా? ఏ టైమ్‌కి వెళ్లేవాళ్లు, ఎవరితో, ఎంత ఆకలితో? రాస్తూ ఉంటే ఒక విషయం బయటపడుతుంది, రుచి గురించి రెండు లైన్లే వస్తాయి, చుట్టూ ఉన్న మనుషుల గురించి, వానల గురించి, జేబులో డబ్బులు లేని రోజుల గురించి పేజీ నిండుతుంది. ఇందులో వింతేమీ లేదు. చూసినవీ విన్నవీ మెదడులో ముందు థాలమస్ అనే భాగం దాటుకుని వెళ్తాయి, వాసన మాత్రం ఆ మెట్టు ఎక్కకుండానే భావోద్వేగాలతో, జ్ఞాపకాలతో పనిచేసే అమిగ్డలా, హిప్పోక్యాంపస్ వైపు నేరుగా పోతుంది. అందుకే ఒక వాసనతో పాటు అప్పటి సాయంత్రం మొత్తం లేచి వస్తుంది. రాసుకున్న దాంట్లో ఏది బండి దగ్గర దొరుకుతుందో, ఏది దొరకదో గీత గీసుకోండి. పక్కన నిలబడి తిన్న స్నేహితుడు వేరే దేశంలో ఉంటే ఆ లోటు వంటవాడు పూడ్చలేడు పాపం.

ఇంకో చిక్కు కూడా ఉంది. జ్ఞాపకం సగటు లెక్క వేయదు. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న డానియెల్ కానెమన్ చూపించిన సంగతే ఇది, ఏ అనుభవంలోనైనా బాగా పతాకస్థాయికి చేరిన క్షణం, చివరి క్షణం, ఈ రెండే మనకి గట్టిగా మిగులుతాయి. నాకు తోచేదేంటంటే బండి విషయంలోనూ ఇలాగే జరుగుతుంది. వందసార్లు తింటే అద్భుతంగా కుదిరిన నాలుగైదు ప్లేట్లే తలలో ఉండిపోతాయి, ఉప్పు ఎక్కువైన రోజులు, చల్లారిపోయి ఇచ్చిన రోజులు కొట్టుకుపోతాయి. ఈరోజు తినబోయే ఒక్క ప్లేటు పాపం ఆ నాలుగైదింటితో పోటీ పడాలి. ఇది తెలిసి వెళ్తే చాలు, సగం నిరాశ తగ్గుతుంది.

చోటు దొరకాలి కదా

పెద్ద మార్కెట్లు ఒకేలా ఉండవు. రోడ్డు పనులని ఒకసారి, కొత్త షెడ్డని ఇంకోసారి బండ్లు అటూ ఇటూ జరుగుతూనే ఉంటాయి. బయల్దేరే ముందు పాత ఫోటోలు వెతకండి. ఫోన్‌తో తీసిన ఒరిజినల్ ఫోటోలో లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటే ఎక్కడ తీశారో, ఏ టైమ్‌కి తీశారో రెండూ దొరుకుతాయి. టైమ్ కూడా రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపుకున్న కాపీలో లొకేషన్ సమాచారం ఉండదు, అసలు తీసినవాళ్ల ఫోన్‌లోనే చూడాలి. గూగుల్ స్ట్రీట్ వ్యూ ఉన్న వీధైతే పాత తేదీల ఫోటోలు కూడా చూసే వీలుంది, ఈ సౌకర్యం 2014 నుంచి ఉంది. ఫలానా ఏడాది బండి ఏ గోడ పక్కన ఉందో, దాని పక్కన ఏ షాపు ఉందో కనిపిస్తుంది. పక్కషాపు గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే బండికి బోర్డు ఉండకపోవచ్చు గానీ షాపుకి ఉంటుంది.

అక్కడికెళ్లాక అడగాల్సింది కొనడానికి వచ్చినవాళ్లని కాదు. తాళాలు బాగుచేసే మనిషి, బరువులు మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, ఇలా రోజంతా అక్కడే ఉండేవాళ్లని అడగండి. పేరు చెప్పి అడిగితే దొరకదు, మీరు పెట్టుకున్న పేరు మీకే తెలుసు. ఏం అమ్మేవాడో, మనిషి ఎలా ఉండేవాడో, పక్కన ఏముండేదో చెప్పండి. "ఓ ఆయనా!" అని దారి చూపిస్తారు. లేదా "ఆయన మానేసి చాలా రోజులైంది" అంటారు. రెండోది వినడానికి సిద్ధపడే అడగండి.

టైమ్ దగ్గరే అందరూ బోల్తా పడతారు

నా ఉద్దేశంలో రుచి మారిపోయిందని జనం చెప్పే ఫిర్యాదుల్లో సగం టైమ్ మారిపోవడం వల్లే. అప్పట్లో ఆఫీసయ్యాక ఆరింటికి తినేవాళ్లు, ఇప్పుడు తీరిక దొరికిందని మూడింటికి వెళ్తారు. మూడింటికి అక్కడున్నది పొద్దుటి మిగులో, సాయంత్రానికి ఇంకా రాజుకోని పొయ్యో.

నూనెలో వేయించేదైతే చూడండి. కొత్తగా పోసిన నూనెలో మొదటి వాయి పాలిపోయి వస్తుంది, రంగు పట్టదు. రెండు మూడు వాయిలు పడ్డాక నూనె కాస్త పనిచేసి ఉంటుంది, అప్పుడే ఆ రంగు, ఆ కరకర. ఇంకా ఇంకా వాడుతూ పోతే నూనె విరిగి చిక్కబడుతుంది, నల్లబడుతుంది, పొగ తొందరగా వస్తుంది, కమురు వాసన మొదలవుతుంది. మరోవైపు రద్దీ పతాకస్థాయిలో ఉన్నప్పుడు వంటవాడు తొందరలో ఒకే వాయికి రెట్టింపు వేసేస్తాడు. నూనె వేడి ఒక్కసారిగా పడిపోతుంది, పైన పెళుసెక్కదు, జిడ్డు పడుతుంది. అంటే అసలు టైమ్ రద్దీ మొదలై ఇంకా ముదరని ఆ అరగంట. పెనం మీద చేసేవాటికీ దాదాపు ఇంతే, పెనం అంతటా సమంగా కాగడానికి కొంత టైమ్ పడుతుంది.

సన్నసెగ మీద గంటలకొద్దీ మరిగేవాటి లెక్క వేరు. పులుసు, సూప్ లాంటివాటికి నిలవగా నిలవగా రుచి పెరుగుతుంది, కాకపోతే నీరు ఇగిరేకొద్దీ ఉప్పు ముదురుతుంది, చివర్లో వెళ్తే నాలుకకి తగులుతుంది. మీ బండి వంట ఏ రకమో మీకే తెలియాలి.

మ్యాప్స్‌లో మార్కెట్ ఏ గంటకి ఎంత రద్దీగా ఉంటుందో చూపించే గ్రాఫ్ ఉంటే చూడండి, కానీ అది మొత్తం మార్కెట్ రద్దీ అని గుర్తుంచుకోండి, మీ బండిది కాదు. దానికంటే మీ పాత ఫోటోలో ఉన్న టైమ్ నమ్మకమైంది. మార్కెట్‌కి వారంలో సెలవు రోజు ఉంటే అది కూడా కనుక్కోండి, నేను ఒకసారి షట్టర్లు చూసి వచ్చాను.

వెళ్లగానే ఆర్డర్ చెప్పకండి

ఐదు నిమిషాలు పక్కన నిలబడి చూడండి. పాత చోటుతో ఉన్న ప్రమాదమే ఇది, కొత్త బండైతే వంద అనుమానాలు పడతాం, "మన బండే కదా" అనుకుంటే కళ్లు మూసుకుని తినేస్తాం. కానీ ఈ మధ్యలో మనిషి మారి ఉండొచ్చు, నీళ్లు తెచ్చే చోటు మారి ఉండొచ్చు, పనివాళ్లు మారి ఉండొచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనాల్లో రోజూ దాదాపు 250 కోట్ల మంది వీధి తిండి తింటారని ఉంది, కాబట్టి వీధిలో అమ్మేదంతా చెడ్డదని భయపడక్కర్లేదు. అలాగని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వేసిన లెక్క కూడా మర్చిపోకూడదు, కలుషితమైన తిండి వల్ల ఏడాదికి 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారు, 4 లక్షల 20 వేల మంది చనిపోతున్నారు.

చూడాల్సింది ముఖ్యంగా వేడి. వండింది 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీల లోపు ఉండాలి. ఈ రెండింటి మధ్యనే సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. థర్మామీటర్ పట్టుకుని ఎవరూ వెళ్లరు గానీ ఆవిర్లు వస్తున్నాయా, వండినవి మూత లేకుండా ఆరిపోతున్నాయా అన్నది కంటికి తెలుస్తుంది. పచ్చి మాంసం కోసిన కత్తే వండినదానికి వాడుతున్నారా, డబ్బు ముట్టుకున్న చేత్తోనే వడ్డిస్తున్నారా, ప్లేట్లు కడిగే నీళ్లు ఏ రంగులో ఉన్నాయి, ఇవి చూడండి. ముందే వండి గంటలు గంటలు బయట పెట్టిన అన్నం దగ్గర మరీ జాగ్రత్త, అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. "ఎదురుగా వేడి చేసి ఇచ్చాడుగా" అన్న ధైర్యం అక్కడ పనిచేయదు.

జనం గుంపుగా ఉన్నారంటే సరుకు తొందరగా చెల్లిపోతోందని అర్థం, అది మంచిదే, శుభ్రంగా ఉందని మాత్రం కాదు. ఆ లైన్ కదులుతోందా లేదా కూడా చూడండి. ఒక్కోసారి వంట బాగుండి కాదు, చేసేవాడు ఒక్కడే ఉండి లైన్ పెరుగుతుంది.

ఇక ఆర్డర్. అప్పట్లో ఏం తినేవాళ్లో అదే, ఒక్క ప్లేటు. మెనూలో కొత్తవి ఎన్ని కనిపించినా ఈరోజు వద్దు, పోల్చడానికి మీ దగ్గర పాతది లేదు కదా. రుచి చూడకముందే పైన ఏదీ పోసుకోకండి, పిండుకోకండి. ఫోటో తీసుకోవాలనిపిస్తే ఒక్కటి తీసి ఫోన్ జేబులో పెట్టేయండి, ఐదారు యాంగిల్స్ తీసేలోపు సగం వేడి పోతుంది, వేడితో పాటు వాసనా పోతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. అందుకే జలుబు చేసిన రోజు వెళ్లకండి, ఎంత దూరం నుంచి వచ్చినా సరే. వెళ్లడానికి అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్, మింట్ బిళ్లలు ఆపేయండి. ఆకలితో వెళ్లండి, కానీ కళ్లు తిరిగేంత ఆకలితో వెళ్తే గడ్డి కూడా అమృతంలా ఉంటుంది, తీర్పు చెప్పలేరు.

మొదటి మూడు నాలుగు ముక్కలు మాట్లాడకుండా తినండి. అసలు సంగతి అక్కడే తెలుస్తుంది. ఒకే రుచి తింటూ పోతే దాని మీద ఇష్టం ప్లేటు అయ్యేలోపే తగ్గుతుంది, ఇది అందరికీ జరిగేదే, దాన్ని బండి మీద వేయకండి.

మాట కలపడం

రద్దీలో మాట కలపకండి, వెనకున్నవాళ్లు తిట్టుకుంటారు, ఆయనా విసుక్కుంటాడు. తినడం అయ్యాక, చెయ్యి కాస్త ఖాళీ అయ్యాక. "నన్ను గుర్తుపట్టారా?" అన్నది మాత్రం అడగొద్దు. రోజుకి వందలమందిని చూసే మనిషికి అది పరీక్ష, గుర్తు లేకపోతే ఆయనకీ ఇబ్బంది, మీకూ చిన్నబోయినట్టు ఉంటుంది. అడిగే బదులు చెప్పండి. "అన్నా, నేను ఇదివరకు రోజూ సాయంత్రం వచ్చేవాణ్ణి, అప్పుడు మీ బండి ఆ మూల మీద ఉండేది" అంటే చాలు, మిగతాది ఆయనే అందుకుంటాడు, ఎప్పుడు జరిగారు, ఎందుకు జరిగారు, ఏం మార్చారు అన్నీ చెప్తాడు.

పాత మనిషి కాకుండా కొత్త మనిషి ఉంటే "ఆయన ఏరీ?" అని గట్టిగా అడగడం కంటే "మీరెన్నాళ్ల నుంచి చూసుకుంటున్నారు?" అనడం మంచిది. ఆయన లేకపోయి ఉండొచ్చు, ఆ కుర్రాడు కొడుకై ఉండొచ్చు, పొయ్యి ముందు అందరి ఎదుటా చెప్పాల్సి రావడం వాళ్లకి కష్టం. పాత ధర ఎత్తి "అప్పుడు ఇంతే ఉండేదిగా" అనడం కూడా వద్దు. సరుకుల ధరలు పెరిగిన సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

రుచి తేడాగా ఉంటే

ముందు బండి వైపు చూడండి. పొయ్యి మారిందా? బొగ్గుల నుంచి గ్యాస్‌కి మారితే ఆ పొగ వాసన పోతుంది, మిగతావన్నీ అవే వేసినా తేడా తెలుస్తుంది. నూనె మారిందా, చెయ్యి మారిందా, అప్పటికప్పుడు చేసేది ఇప్పుడు ముందే చేసి తెచ్చి వేడి చేసి ఇస్తున్నారా? ముక్క సైజు మారినా ఉప్పూ కారం పట్టే తీరు మారుతుంది. నాలుగు నిమిషాలు నిలబడి చూస్తే ఇవన్నీ కంటికే దొరుకుతాయి, ఎవరినీ నిలదీయక్కర్లేదు.

తర్వాత మన వైపు. ఈ మధ్య ఇంట్లో ఉప్పు తగ్గించారా? రెండు మూడు నెలలు తక్కువ ఉప్పుతో తింటే నాలుక దానికి అలవాటు పడిపోతుంది, ఇదివరకు సరిపోయిన ఉప్పే ఇప్పుడు ఎక్కువనిపిస్తుంది. కారం కూడా అంతే, రోజూ తింటేనే ఓర్చుకుంటాం, మానేసి కొన్నాళ్లైతే పాత కారమే మంట పుట్టిస్తుంది. సిగరెట్ మానేసినవాళ్లకి వాసనలు మళ్లీ బాగా తెలుస్తాయి, అది మంచి వైపు మార్పు. వయసు అరవై దాటుతుంటే చాలామందికి వాసన తెలిసే శక్తి తగ్గుతుంది, కోవిడ్ వచ్చి తగ్గాక కొంతమందికి వాసనలు సరిగ్గా తెలియలేదు. తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది, మిగతాచోట్ల తినేవి కూడా చప్పగా అనిపిస్తున్నాయా? అవునంటే బండిని వదిలేసి డాక్టర్ని చూడండి.

ఏదేమైనా తీర్పు రెండుసార్లు వెళ్లాకే. రెండో రోజు వేరే గంటకి వెళ్లండి. రెండుసార్లూ ఒకే తేడా తగిలితే మారిందనే లెక్క, ఒప్పేసుకోండి. ఒక్కసారే తగిలితే ఆ రోజు చెయ్యి అలా పడింది, అంతే.

బండే లేకపోతే? పావుగంట వెతకండి, ఇద్దరు ముగ్గురిని అడగండి. అక్కడ పనిచేసిన కుర్రాడు దగ్గర్లోనే సొంతంగా పెట్టుకుని ఉండొచ్చు, అడిగేటప్పుడు ఆ మాట కూడా అడగండి. దొరక్కపోతే అదే చోట కొత్తగా వచ్చిన బండి దగ్గర మాత్రం ఆ రోజు తినకండి. దాని తప్పేమీ లేదు, కానీ మీరు ఆ రోజు ఏం తిన్నా తిట్టుకుంటూనే తింటారు.

పార్సిల్ గురించి ఒక్క మాట. మొదటిసారి పార్సిల్ కట్టించుకుని ఇంట్లో రుచి చూడటం శుద్ధ దండగ, కరకరలాడేవి ఆవిరికి మెత్తబడిపోతాయి. తప్పదంటే వేడి ఆవిరి పోయేలా మూత కాస్త తెరిచి పెట్టించుకోండి, రెండు గంటల్లోపు తినేయండి, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజైతే గంటలోపే.

ఎవరినైనా తీసుకెళ్లాలంటే అది మీరు ఒంటరిగా రెండుసార్లు వెళ్లొచ్చాకే. ఆ ముగ్గురిలో ఒకడిని మొన్న మళ్లీ తీసుకెళ్లాను. దారిలో బండి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, వేరే పని మీద వెళ్తున్నట్టే తీసుకెళ్లి ఆరింటికి అక్కడ నిలబెట్టాను. తిన్నాడు. "పర్లేదు, ఉప్పు కొంచెం ఎక్కువ" అన్నాడు. తర్వాత నన్ను అడక్కుండానే ఇంకో ప్లేటు చెప్పాడు.